గేటుకు కట్టిన ఎర్రనూలు

ఆఫీసు గోడలకు కొత్త రంగు వేస్తున్న రోజు అటెండరు గోపయ్య నిచ్చెన పట్టుకుని నిలబడి ఒక మాటన్నాడు. "రంగులేస్తె ఏసిండ్రు గని, గదే చేత్తోని సారును గూడ కుర్సీకి మేకు గొట్టి కూసోవెడితె జనాలకు పుణ్యముండు." రంగు వేసేవాడు తప్ప ఎవరూ నవ్వలేదు. మిగతావాళ్లంతా కొత్త కుర్చీలకు చుట్టిన ప్లాస్టిక్ కవర్లు చింపే హడావిడిలో ఉన్నారు.

చౌటుప్పల్ దాటి హైవే మీద ఇంకొంత దూరం పోతే తగిలే మండలం అది. పేరెందుకు లెండి, చెప్పుకుంటే అన్నిచోట్లా ఇదే కథ. జిల్లా మొత్తంలో ఆ ఒక్క తహసీల్దారు ఆఫీసును ఏరి పట్టుకుని, అక్కడికి వచ్చే జనానికి మర్యాద ఎలా చేయాలో ముందు చేసి చూద్దాం, బాగుంటే అన్ని మండలాల్లో పెడదాం అనుకున్నారు పైవాళ్లు. దానికి పైలట్ అని పేరు పెట్టారు. పేరుతో పాటు మెరిసే కుర్చీలు వచ్చాయి, చల్లటి నీళ్ల మిషన్ వచ్చింది, టోకెన్లిచ్చే డబ్బా వచ్చింది, కుండీల్లో మొక్కలు వచ్చాయి. వాటి వెనకాలే మానస కూడా వచ్చింది.

మానస మగ్గం నేసే ఇంటి పిల్ల. పక్క ఊళ్లోనే ఇల్లు. తండ్రి సిద్దిరాములు ఇప్పటికీ నేస్తాడు, తల్లి లీలమ్మ కండెలు చుడుతుంది. మానస డిగ్రీ చదివి, మందుల కంపెనీలో సీసాలకు చీటీలు అంటించే పని కొన్నాళ్లు చేసి, ఆ వాసన పడక మానేసి, ఈ ఔట్‌సోర్సింగ్ కొలువులో చేరింది. హోదా పేరు 'పౌర మిత్ర'. ఆకుపచ్చ కోటు ఒకటి ఇచ్చారు. దాని వీపు మీద 'మీకు నేను ఎలా సాయపడగలను' అని రాసి ఉంది. సాయం కావలసినవాళ్లు ఆమె వెనక్కి తిరిగేదాకా ఆగి చదువుకోవాలన్నమాట. అయినా మానసకు ఆ కోటంటే ఇష్టమే. సర్కారు ఆఫీసంటే తన ఇంటివాళ్లు చేతులు కట్టుకుని నిలబడిన చోటు. అక్కడ జనానికి ఎదురెళ్లి 'రండి' అనే పని తనకు దొరకడం ఆమెకు నిజంగా గొప్పగా ఉండేది.

వారం తిరక్కముందే ఒక చిక్కు వచ్చింది. జనం కుర్చీల్లో కూర్చోరు. గోడవారగా నిలబడతారు, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడతారు, కౌంటరు ముందు ఒకరి మీద ఒకరు పడి నిలబడతారు. కుర్చీలు మాత్రం పెళ్లివారు రాని పందిట్లోలా ఖాళీగా ఉంటాయి. మానస వెళ్లి "కూసో పెద్దయ్యా" అంటే కురుమయ్య అనే రైతు మొహం వాడిపోయింది. "నేనేం తప్పు జేసిన బిడ్డా?" అన్నాడు.

ఇది ప్రేమ్‌సాగర్‌కు అంతుపట్టలేదు. ప్రేమ్‌సాగర్ హైదరాబాదులో ఏదో సలహాల కంపెనీ మనిషి, పైలట్‌ను నడిపించే బాధ్యత అతనిది. మంచివాడే. అందరికీ నమస్కారం పెడతాడు, గోపయ్యను అంకుల్ అంటాడు, తన బిస్కెట్లు తనే తినకుండా పంచుతాడు. ఒక్కటే లోపం, చెప్పింది శ్రద్ధగా వింటాడు గాని విన్నది రాయడు.

"అంకుల్, మీ జనానికి కుర్చీలంటే భయమా?" అని అడిగాడు గోపయ్యను.

"కుర్సీలంటె గాదు సార్, కూసోమంటె భయం. గీ ఆఫీసుల పనయ్యెటోన్ని ఎవ్వలు కూసోమనరు. నిలవడుండంగనే కాగితం చేతిల వెడ్తరు, పోతడు. పని గానోన్నే 'జర కూసో' అంటరు. గామాట చెవిల వడ్డదంటె ఆ దినం గంగల గల్సినట్టే. అందుకే ఎవ్వలు కూసోరు. కూసుంటె మర్సిపోతరని."

ప్రేమ్‌సాగర్ తల పంకించి ల్యాప్‌టాప్‌లో టకటకా కొట్టాడు. మానస పక్కనుంచి తొంగి చూసింది. 'కుర్చీలు మరింత సౌకర్యంగా ఉండాలి' అని ఉంది. నాలుగు రోజుల్లో కుర్చీలకు నీలం రంగు మెత్తలు వచ్చాయి. జనం వాటిని కూడా దూరం నుంచే చూసి గోడకు ఆనుకున్నారు.

అసలు రోగం కుర్చీల్లో ఉంటే గదా. సారు ఉన్నాడా లేడా అన్నదే రోగం. తహసీల్దారు సారు కాపురం హైదరాబాదులో. వస్తే వస్తాడు, రాకపోతే మీటింగంటారు. కొన్ని మీటింగులు నిజం, కొన్ని సగం నిజం, మిగతావి ఆ మీటింగులకే తెలియాలి. సంతకం మాత్రం ఆయనదే కావాలి. ఇప్పుడు సంతకమంటే పెన్నుతో కాదు, కంప్యూటర్‌కు గుచ్చే తాళంచెవి లాంటిది ఒకటి ఉంటుంది. అది సారు సంచిలో, ఆ సంచి సారు కారులో, ఆ కారు సారు ఎక్కడుంటే అక్కడ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ పూజారి అసలు గుడికే రాడు.

అలా తిరిగి తిరిగి కాళ్లరిగినవాళ్లలో సాలమ్మ ఒకతె. హైవేకు లోపలగా ఉన్న గూడెం ఆమెది. మొగుడు ఇస్రాయేలు పోయాక పత్తి చేలల్లో కూలి చేసుకుంటూ మనవరాలు కోమలను సాకింది. కోమల తల్లిదండ్రులు మేస్త్రీ పనుల వెంట షాద్‌నగర్, అక్కడినుంచి ఇంకెక్కడికో తిరిగి, పిల్లను ఒక్కో బడిలో కొన్నాళ్లు చదివించి, చివరికి ముసలమ్మ దగ్గర వదిలారు. ఆ పిల్ల పట్టుదలగా ఇంటర్ దాటి నల్లగొండలో నర్సింగు సీటు తెచ్చుకుంది. ఇప్పుడు కాలేజీవాళ్లు ఈ జిల్లా పిల్లేనని స్థానిక పత్రం తెమ్మన్నారు. బడి కాగితాలు ఒక్కోటి ఒక్కో ఊరివి గనుక, సాకిన మనిషి స్వయంగా తహసీల్దారు ఎదుట నిలబడి 'ఈ పిల్ల నా దగ్గరే పెరిగింది' అని చెప్పాలి, ఆయన విని సంతకం చేయాలి. నెలాఖరు శుక్రవారం దాటితే సీటు ఇంకొకరికి పోతుంది. సాలమ్మకు తెలిసింది ఆ ఒక్క ముక్కే, దాన్ని పట్టుకునే తిరిగింది.

రెండుసార్లు వచ్చి సారు లేక పోయింది. మూడోసారి కూడా మానస ఎదురెళ్లి నీళ్ల గ్లాసు చేతికిచ్చి, "సారు ఇయ్యాల రాడంట అవ్వా" అంది.

సాలమ్మ నీళ్లు తాగింది, గ్లాసు కడిగి పెట్టింది. "బిడ్డా, నీ సల్లటి నీళ్లు మంచిగనే ఉన్నయి గని మా గూడెంల గూడ బోరింగున్నది. సారున్నడో లేడో గదొక్కటి పొద్దుగాల్నే తెలిస్తె నేను చేన్లకు వోయి నాలుగు పత్తికాయలు ఏరుకుందును గద. గంత పెద్ద ఆఫీసు, గదొక్కటి చెప్పలేరా?"

ఆ మాట మానసకు ముల్లులా దిగింది. టోకెన్ డబ్బా పొద్దున్నే 'శుభోదయం' అంటుంది, పండుగలకు శుభాకాంక్షలు చెబుతుంది. సారు ఉన్నాడో లేడో మాత్రం దానికి తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి మగ్గం పక్కన కూలబడి తండ్రితో అంతా వెళ్లబోసుకుంది.

సిద్దిరాములు మగ్గం మీద నాడె ఆడిస్తూ, నేత ఆపకుండానే విన్నాడు. "మా నేతోళ్ల సంఘంల గీ లొల్లి లేకుండె బిడ్డా. నూలు ఎప్పుడొస్తదో ఎవలికెరుక? శుట్టుపక్కల ఊర్లోళ్లు ఊకె వొచ్చి పోవుడేందని, నూలొచ్చిన దినం సంఘం తలుపుకు ఒక ఎర్ర చిలప గట్టెటోళ్లు. బస్సులకెల్లే కనవడేది. ఎర్రగుంటె దిగేది, లేకుంటె గదే బస్సుల ముందుకు వోయేది. గంతే. ఎవ్వల్ని అడిగే పని లేకుండె."

మర్నాడు మానస ఇంట్లోంచి ఒక చిలప, అంటే చుట్టి ముడేసిన ఎర్రనూలు కట్ట, సంచిలో వేసుకుని వచ్చింది. పొద్దున్నే సారు డ్రైవర్‌కు ఫోన్ చేసి, వస్తున్నారని తెలిసిన రోజు దాన్ని గేటుకు కట్టింది. రాని రోజు విప్పేసింది. గోపయ్యకు చెప్పింది, వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది, సాలమ్మ గూడెం నుంచి పొద్దున్నే కంపెనీ కూలీలను దించడానికి వచ్చే ఆటో సాల్మన్‌కు చెప్పింది. సాల్మన్ ఆటో ఆపకుండానే గేటువైపు చూసి గూడేనికి ఫోన్ కొట్టేవాడు. కొన్నాళ్లలో మండలమంతా అదే మాట అయింది. "ఇయ్యాల ఎర్రగున్నదా?" అని గేటు ఎదుటి చాయ్ హోటల్‌కు ఫోన్లు వచ్చేవి. ఎర్రగా ఉంటే వచ్చేవారు, లేకపోతే ఎవరి పని వాళ్లు చూసుకునేవారు.

సాలమ్మ కూడా ఎర్రగా ఉన్న రోజే వచ్చింది. సారు ఆమె దరఖాస్తు చూసి, గ్రామంలో విచారణ చేయించి రిపోర్టు తెప్పిస్తానని, అది వచ్చాక మళ్లీ వచ్చి తన ఎదుట చెప్పి పొమ్మని అన్నాడు. "రిపోర్టు రాంగనే జెప్త అవ్వా. అప్పుడు ఎర్రనూలు సూసుకోని రా. ఊకె తిరగకు" అంది మానస. సాలమ్మ ఆమె చెంపలు తాకి మెటికలు విరిచింది.

ఆ రోజుల్లోనే ఒక వింత జరిగింది. జనం కుర్చీల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. సారు లోపలే ఉన్నాడని గేటు దగ్గరే తెలిసిపోయింది, ఇక మరిచిపోతారన్న భయం ఎందుకు? కురుమయ్య అయితే మెత్త మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మానసకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. ప్రేమ్‌సాగర్ ఆ దృశ్యాన్ని ఫోటో తీసి, "చూశారా మానస గారు, మెత్తలు పనిచేశాయి" అన్నాడు.

"మెత్తలు గాదు సార్" అని మానస అతన్ని గేటుదాకా తీసుకుపోయి నూలు చూపించింది. సంఘం సంగతి, సాల్మన్ సంగతి, ఎర్రగుంటే ఏమిటో, లేకుంటే ఏమిటో ఒక్కటొక్కటీ విడమరిచి చెప్పింది. అతని కళ్లు మెరిశాయి. "ఇది పైవాళ్లకు చూపించాల్సిందే. మీ పేరు కూడా రాస్తాను" అన్నాడు. ఈసారైనా విన్నది రాస్తాడని ఆమె ఆశపడింది.

రాశాడు కూడానేమో. కానీ ఆ సంగతి సారు చెవిన పడింది. మానసను, ప్రేమ్‌సాగర్‌ను గదిలోకి పిలిచాడు.

"నేను కుర్సీల ఉన్ననా లేనా అని గేటుకు నూలుగట్టి సాటింపేస్తున్నవా?" అన్నాడు మానసతో. గొంతు పెంచలేదు, అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది. "పెద్దసార్లు గీ హైవే మీదికెల్లే వోతరు. నూలు లేని దినం సూస్తె నన్నేమనుకోవాలె? ఇయ్యాల్నే తీసెయ్యి."

"తీసేయడమెందుకు సార్?" అన్నాడు ప్రేమ్‌సాగర్ చల్లగా. "చేనేత సంస్కృతి కదా, చాలా బాగుంది. రోజూ ఉంచేస్తే సరిపోతుంది. అప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు."

సారు మొహం విప్పారింది. మానస నోరు తెరిచింది. "సార్, రోజూ ఉంటె ఇగ దానికి అర్థమేముంటది? లేని దినం లేకుండ ఉంటెనే గద..." ఇద్దరూ ఆమెవైపు దయగా చూశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం బుగ్గలు ఉబ్బడమైనా చూస్తాడు. వీళ్లు అదీ చూడలేదు. ఆ సాయంత్రం ఆమెకు కోటు విప్పి నీళ్ల మిషన్ మీద పడేసి పోవాలన్నంత కోపం వచ్చింది. పడేయలేదు. కోటు మడతపెట్టి సంచిలో పెట్టుకుని ఇంటికి పోయింది, దారంతా తనను తాను తిట్టుకుంది.

నెలాఖరు వారం సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి గేటు మీద కమాను లేచి ఉంది. దానికి రోకలంత లావు ఎర్రటి చిలప ఒకటి వేలాడుతోంది, ఇనుప పట్టీలు వేసి బోల్టులు బిగించి ఉంది. కింద 'చేనేత నేలకు స్వాగతం' అని బోర్డు. అన్ని మండలాల ఆఫీసులకూ ఇలాంటివే తయారవుతున్నాయట. చూడ్డానికి వచ్చిన సిద్దిరాములు దాన్ని వేళ్లతో నలిపి, "నూలు గాదు బిడ్డా, నైలాను" అని సైకిలెక్కి పోయాడు.

ఆ రోజు సారు రాలేదు. పైలట్ ఎంత బాగా నడిచిందో హైదరాబాదులో పెద్దల ముందు చెప్పడానికి పోయాడు. గేటు మాత్రం ఎర్రగా ఉంది. సాల్మన్ చూశాడు, ఎప్పటిలాగే ఫోన్ కొట్టాడు. పది గంటలకల్లా వరండా నిండిపోయింది. అందరికంటే ముందు సాలమ్మ, వెనక కోమల. రిపోర్టు వచ్చిందని మానసే శనివారం కబురు చేసింది. ఇక మిగిలింది సారు ఎదుట ఒక మాట చెప్పడమే.

"సారు లేడవ్వా" అని చెప్పడానికి మానసకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు.

సాలమ్మ గేటువైపు తిరిగి చూసింది, మళ్లీ మానసవైపు చూసింది. "ఎర్రగనే ఉన్నది గద బిడ్డా" అంది. తిట్టినా బాగుండేది. మానస జరిగిందంతా చెప్పింది. సాలమ్మకు సగమే అర్థమైంది. ఇన్నాళ్లూ నిజం చెప్పిన నూలు ఇవాళ అబద్ధమెందుకు చెప్పిందన్నది ఎవరికి మాత్రం అర్థమవుతుంది? కురుమయ్య పెద్దగానే అన్నాడు, "గీ పిల్ల మాట నమ్మి చేను ఇడిసిపెట్టొస్తిని" అని. అందరూ విన్నారు. మానస తల దించుకుని నిలబడింది. వీపు మీది అక్షరాలు మండుతున్నట్టనిపించింది.

'సారు ఈ రోజు లేరు' అని కాగితం మీద రాసి గేటుకు అంటించింది. మధ్యాహ్నానికి ఎవరో చింపేశారు. మంగళవారం మళ్లీ అంటించింది. ఈసారి సారే ఫోన్ చేసి, ఇంకొక కాగితం కనబడితే ఆమె ఉద్యోగం కాగితం కూడా చిరుగుతుందని చెప్పాడు. ఆమె కోమల ఫోన్ నంబరు తీసుకుని, "ఇగ గేటును సూడకుండ్రి. నేను ఫోన్ జేస్తెనే రండ్రి" అంది. బుధవారం లేదు, గురువారం లేదు. శుక్రవారం సారు తప్పకుండా వస్తాడని తెలిసింది. వేరే జిల్లాల అధికారులు, హైదరాబాదు నుంచి ఒక పెద్ద మేడమ్, అంతా కలిసి పైలట్‌ను కళ్లారా చూడ్డానికి వస్తున్నారట. గడువు కూడా ఆ రోజే.

శుక్రవారం సాలమ్మ పొద్దున్నే వచ్చి కూర్చుంది. అవును, కుర్చీలోనే. మానసే చెయ్యిపట్టి మొదటి వరసలో, సారు గదికి పోయే దారి పక్కనే కూర్చోబెట్టింది. "సారు గిట్లకెల్లే వోతడు. రాంగనే లేసి అడుగు. నేను పక్కనే ఉంట." కోమల ఫైలు గుండెకు హత్తుకుని కూర్చుంది. ఆ రోజు ఆఫీసులో జనం పెద్దగా లేరు. ముందు రోజే మైకు పెట్టి, పెద్దలు వస్తున్నారు గనుక పనులున్నవాళ్లు సోమవారం రావాలని చెప్పించారు. జనానికి జరిగే మర్యాద చూడ్డానికి పెద్దలు వచ్చే రోజున జనమే అడ్డమయ్యారన్నమాట.

కార్లు వచ్చాయి. కమాను కింద ఫోటోలు దిగారు. నీళ్ల మిషన్ తిప్పి చూశారు, మెత్తలు నొక్కి చూశారు. సారు ముందు నడుస్తూ అన్నీ చూపిస్తున్నాడు. సాలమ్మ దగ్గరికి రాగానే ఆమె గబుక్కున లేచి రెండు చేతులూ జోడించింది. "సారూ, నా మనవరాలు..."

సారు ఆగాడు. అంత తియ్యటి నవ్వు ఆయన మొహం మీద మానస ఎన్నడూ చూడలేదు. సాలమ్మ భుజం మీద చెయ్యి వేసి మెల్లగా ఒత్తాడు. "నిలవడ్తవెందుకవ్వా? కూసో, మంచిగ కూసో."

మేడమ్ మెచ్చుకోలుగా తల ఊపింది. ప్రేమ్‌సాగర్ ఫోటో తీశాడు. సాలమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. కూర్చుంది. కూర్చుని, కోమలవైపు తిరిగి, "ఇగ పని గాదు బిడ్డా" అంది.

మానస వెనకాల పరుగెత్తింది. "సార్, ఇయ్యాల్నే ఆఖరు దినం. ఆ అవ్వ ఒక్క మాట జెప్తది, మీరు సంతకం బెడ్తె అయిపోతది." సారు నవ్వు చెదరకుండానే, పెదవులు కదపకుండా, "బువ్వ తిని వస్త, చెప్పు" అన్నాడు. కార్లు హైవే మీది పెద్ద హోటల్‌వైపు పోయాయి. ఆ హోటల్ నుంచి అటే హైదరాబాదు పోతారని డ్రైవర్ పొద్దునే చెప్పాడు.

కాసేపు మానస ఆ దుమ్మువంక చూస్తూ నిలబడింది. ఆ క్షణంలో ఆమెకు సారు మీద కంటే తన మీదే అసహ్యం వేసింది. ఆ ముసలమ్మ ఎన్నడూ కూర్చోలేదు, తనే కూర్చోబెట్టింది. నిలబడి ఉంటే కనీసం దారికి అడ్డమైనా ఉండేది. లోపలికి పోయి సాలమ్మ చెయ్యి పట్టుకుంది. "లే అవ్వా. పోదాం పా." గోపయ్య అప్పటికే రోడ్డు మీదికి ఉరికి సాల్మన్ ఆటోను ఆపాడు.

హోటల్లో చల్లటి గది లోపల పొడుగు బల్ల చుట్టూ అంతా కూర్చుని ఉన్నారు. అద్దాల తలుపు దగ్గర కాపలావాడు అడ్డం వచ్చాడు. మానస తన ఆకుపచ్చ కోటు చూపించింది. ఆ కోటుకు అంత విలువ ఉండటం అదే మొదటిసారి, తలుపు తెరుచుకుంది. సారు చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మానస ఆయన కళ్లవైపు చూడకుండా బల్ల చివరిదాకా నడిచింది, మేడమ్‌కు వినబడేంత గట్టిగా మాట్లాడింది.

"సార్, బువ్వ తిని వస్తనన్నరు గద. మీకు తిరుగుడెందుకని అవ్వనే తీస్కొచ్చిన. నర్సింగు సీటుకు ఇయ్యాల్నే ఆఖరు."

మేడమ్ చెంచా కింద పెట్టి, "ఏమిటి సంగతి?" అంది. సారు మొహంలో రంగులు మారాయి, చివరికి ఇందాకటి తియ్యటి నవ్వు దగ్గరే వచ్చి ఆగాయి. చెయ్యి కడుక్కున్నాడు. డ్రైవర్‌ను పిలిచి కారులోంచి సంచి తెప్పించాడు. పప్పు గిన్నె పక్కకు జరిపి ల్యాప్‌టాప్ పెట్టాడు.

"చెప్పవ్వా. గీ పిల్లెవలు?"

సాలమ్మ నిలబడే చెప్పింది. "నా బిడ్డ బిడ్డ. చిన్నప్పటి సంది నా కాడ్నే ఉన్నది. జరమొస్తె నేనే ఎత్తుకోని దవాఖానకు ఉరికిన. గీ జిల్లాది గాకుంటె ఇంకే జిల్లాది సారూ?" ఇంకా ఏదో చెప్పబోయింది గాని సారు అప్పటికే తాళంచెవి గుచ్చి మీట నొక్కేశాడు. అంతే. ఇన్నాళ్లు ఆ పిల్లకు నిద్ర లేకుండా చేసిన పని మజ్జిగ గ్లాసు ఖాళీ అయ్యేలోపు అయిపోయింది. కోమల ఫోన్‌లోకి పత్రం వచ్చింది. ఆ పిల్ల దాన్ని కాలేజీకి పంపి, వాళ్లు అందిందన్నాక గోడవైపు తిరిగి ఏడ్చింది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరి కోసం కొట్టారో వాళ్లకే తెలియాలి. సారు వినయంగా తల వంచాడు. మానసకు మాత్రం దగ్గరగా వచ్చి, "సోమవారం ఆఫీసుల మాట్లాడ్త నీతోని" అన్నాడు. ప్రేమ్‌సాగర్ తలుపుదాకా వెంట వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "మానస గారు, అద్భుతం. అధికారి ఎక్కడుంటే అక్కడే సేవ. మేడమ్‌కు చాలా నచ్చింది. దీన్ని కూడా పైలట్ చేద్దామంటున్నారు." మానస అతనివైపు చూసింది. నెత్తీ నోరూ బాదుకోవాలనిపించింది. ఏం చెప్పినా ఇతను ఇంకేదో రాసుకుంటాడు. వెళ్లి ఆటో ఎక్కింది.

ఆటోలో కోమల నవ్వుతోంది, ఏడుస్తోంది, సాల్మన్‌కు పత్రం చూపిస్తోంది. సాలమ్మ మానస చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వదల్లేదు. "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంది చాలాసార్లు. కమాను దాటి పోతుంటే తలెత్తి ఆ ఎర్రటి చిలపను చూసింది. తర్వాత మానస మొహంలోకి చూసి మెల్లగా అడిగింది.

"ఒక్కటడుగుత, ఏమనుకోకు. మా పక్కింటి జానమ్మ పింఛన్ కాగితానికి గూడ సారు సంతకమే గావాలె. సోమవారం పొద్దుగాల బయలెల్లుతనంటున్నది. దానికేమని జెప్పాలె, మీ ఆఫీసుకు రమ్మనాల్నా, గా హోటలుకు పొమ్మనాల్నా?"

వెక్కిరింత కాదది. ముసలమ్మ నిజంగానే అడిగింది, జవాబు కోసం ఆగింది.